సాల్వెంట్ ప్లాంట్‌లో పేలుడు రాకుండా యంత్రాలనూ మనుషులనూ కాపాడుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

పాశమైలారం, జీడిమెట్ల, బొల్లారం, పరవాడ, అచ్యుతాపురం. బల్క్ డ్రగ్ యూనిట్లున్న ఏ పారిశ్రామికవాడకు వెళ్లినా టోలీన్, అసిటోన్, మిథనాల్, హెక్సేన్ ట్యాంకర్లలో వస్తూ, డ్రమ్ముల్లో కదులుతూ కనిపిస్తాయి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా ప్లాంట్‌లో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. లీకైన సాల్వెంట్ కింద ఉన్న ఎలక్ట్రికల్ ప్యానెల్ మీద పడి, దాని ఆవిరి అంటుకుందని అధికారులు చెప్పారు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడు 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ ప్లాంట్‌లో తయారయ్యేది మాత్రల్లో కలిపే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. అది మండే పొడి.

కొత్తగా చేరిన షిఫ్ట్ ఇన్‌చార్జ్, ప్లాంట్ ఎలక్ట్రీషియన్, సేఫ్టీ కమిటీలో కూర్చునే కార్మికుడు, ఈ ముగ్గురి కోసం ఇది రాస్తున్నాను. చాలా ప్లాంట్లలో ఎఫ్ఎల్‌పీ (ఫ్లేమ్‌ప్రూఫ్) మోటార్లు ఉన్నాయి, వాటి సర్టిఫికెట్లు ఫైల్లో భద్రంగా ఉన్నాయి. రక్షణ పోయేది కొన్నాక. తీసి మళ్లీ బిగించని బోల్టులో, తగిలించని ఎర్తింగ్ క్లిప్పులో, ప్లాంట్ మారినా మారని జోన్ డ్రాయింగ్‌లో (పేలే ఆవిరి ఎక్కడ ఉండొచ్చో చూపే పటంలో) అది పోతుంది. అందుకే ఈ మార్గదర్శిలో కొనుగోలు కంటే ఆ తర్వాతి పనికే ఎక్కువ చోటిచ్చాను.

ముందు చట్టం సంగతి

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 37వ సెక్షన్ మండే గ్యాసు, ఆవిరి, దుమ్ము గురించి మూడు పనులు చెప్పింది. యంత్రాన్ని బయటికి ఏమీ రాకుండా మూసి ఉంచు. వచ్చింది పోగుపడకుండా తొలగించు. నిప్పు పుట్టించే ప్రతిదాన్నీ దూరంగా ఉంచు, లేదా పకడ్బందీగా కప్పి ఉంచు. ఇంతకంటే సూటిగా చెప్పిన నిబంధన నాకు ఇంకెక్కడా కనపడలేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్-2020 ఆ పాత చట్టం స్థానంలోకి వచ్చింది. అయినా ప్లాంట్‌లో తిరిగేటప్పుడు పైన చెప్పిన మూడు ప్రశ్నలూ ఆ వరుసలోనే వేసుకోండి.

సాల్వెంట్ల నిల్వకు పెట్రోలియం రూల్స్-2002 కూడా వర్తించవచ్చు. ఫ్లాష్ పాయింట్, అంటే ద్రవం పైన మండగల ఆవిరి ఏర్పడే కనిష్ఠ ఉష్ణోగ్రత, 23 డిగ్రీల లోపు ఉంటే క్లాస్ ఏ. టోలీన్, హెక్సేన్ రెండూ అందులోకే వస్తాయి. లైసెన్సు, ఎలక్ట్రికల్ పరికరాల ఆమోదం నాగ్‌పూర్ కేంద్రంగా పనిచేసే పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) చేతిలో ఉంటాయి. సాంకేతిక వివరాలన్నీ ఐఎస్/ఐఈసీ 60079 ప్రమాణాల్లో ఉన్నాయి. గ్యాస్ జోన్లకు 10-1 భాగం, దుమ్ము జోన్లకు 10-2, బిగింపుకు 14, తనిఖీకి 17, రిపేరుకు 19. మెయింటెనెన్స్ వాళ్ల బల్ల మీద 14, 17 భాగాలు తప్పకుండా ఉండాలి.

యూరప్‌లో ఈ బాధ్యతను రెండుగా విడదీశారు. పరికరం తయారుచేసేవాడికి 2014/34 ఆదేశం, పనివాళ్లను పెట్టుకునే యజమానికి 1999/92 ఆదేశం. మొదటిదాని ప్రకారం మంచి పరికరం కొన్నంత మాత్రాన రెండోదాని బాధ్యత తీరదు. మనం దిగుమతి చేసుకునే సెంట్రిఫ్యూజ్‌లూ డ్రయర్లూ ఈ యూరప్ ఆదేశాల కింద వేసే ఎటెక్స్ ముద్రతో వస్తాయి. ఆ ముద్ర ఉంది కదా అని పెసో ఆమోదం అడగకుండా వదిలేయకండి. గల్ఫ్ రిఫైనరీలకు వెళ్లే మన ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్లకు ఐఈసీఈఎక్స్ అనే అంతర్జాతీయ పద్ధతి సర్టిఫికెట్లు ఎక్కువగా తగులుతాయి. ప్లేటు చదివే పద్ధతి మాత్రం అన్నిచోట్లా దాదాపు ఒకటే.

మొదటి మెట్టు: మీ దగ్గర ఉన్న పదార్థాల అంకెలు రాసుకోండి

బ్లాకులో వాడే ప్రతి సాల్వెంట్‌కూ సేఫ్టీ డేటా షీట్ తీసుకుని ఒకే కాగితం మీద ఇవి రాయండి: ఫ్లాష్ పాయింట్, అంటుకునే కనిష్ఠ, గరిష్ఠ పరిమితులు (ఎల్‌ఈఎల్, యూఈఎల్), దానంతట అదే అంటుకునే ఉష్ణోగ్రత, గాలితో పోలిస్తే ఆవిరి బరువు, గ్యాస్ గ్రూప్.

టోలీన్‌నే తీసుకుందాం. ఫ్లాష్ పాయింట్ 4 డిగ్రీలు. అంటే హైదరాబాద్‌లో గానీ విశాఖలో గానీ ఏడాదిలో ఏ రోజైనా, డిసెంబర్ తెల్లవారుజామునైనా, మూత తీసిన డ్రమ్ము పైన మండగల ఆవిరి ఉంటుంది. ఎల్‌ఈఎల్ దాదాపు 1.1 శాతం, యూఈఎల్ 7.1 శాతం. 1.1 శాతం అంటే ఎంత కొంచెమో ఒకసారి లెక్క వేసి చూడండి. 100 ఘనపు మీటర్ల గదిలో సుమారు 5 లీటర్ల టోలీన్ పూర్తిగా ఆవిరై కలిసిపోతే గది మొత్తం పేలే స్థితికి వస్తుంది. అంతకంటే తక్కువ ఒలికినా నేల దగ్గర మాత్రం ఆ స్థితి రావచ్చు. ఎందుకంటే టోలీన్ ఆవిరి గాలి కంటే మూడు రెట్లు బరువు. అది పైకి లేవదు. నేల మీద పాకుతుంది, డ్రైన్‌లోకి, పంపు గుంటలోకి, కేబుల్ ట్రెంచ్‌లోకి దిగుతుంది. లీకైన చోటుకు దూరంగా, మరో బ్లాకు గోడ పక్కన మంట అంటుకోవడానికి కారణం ఇదే.

హైడ్రోజనేషన్ చేసే బ్లాకు ఉంటే లెక్కలు వేరు. హైడ్రోజన్ 4 శాతం నుంచి 75 శాతం దాకా అంటుకుంటుంది, పైకి లేచి కప్పు కింద చేరుతుంది. అక్కడ ఉత్ప్రేరకంగా వాడిన రేనీ నికెల్ పొడి ఆరిపోతే దానంతట అదే అంటుకుంటుంది. ఫిల్టర్ దగ్గర దాన్ని తడిగానే ఉంచాలి.

రెండో మెట్టు: జోన్లు గీయండి, గీసింది పట్టుకుని నడవండి

పేలే మిశ్రమం నిరంతరంగా లేదా ఎక్కువ కాలం ఉండే చోటు జోన్ 0. రియాక్టర్ లోపల, ట్యాంకులో ద్రవం పైన ఉండే ఖాళీ అలాంటివి. మామూలు పనిలోనే అప్పుడప్పుడు వచ్చేది జోన్ 1. మ్యాన్‌హోల్ చుట్టూ, వెంట్ చివర, శాంపిల్ తీసే చోటు, డ్రమ్ములు నింపే చోటు ఇందులోకి వస్తాయి. మామూలుగా రాదు, ఏదైనా చెడితే కొద్దిసేపు వస్తుంది అనుకునే చోటు జోన్ 2. పంపుల చుట్టూ, ఫ్లాంజ్‌ల (పైపులను బోల్టులతో కలిపే అంచుల) చుట్టూ. దుమ్ముకు ఇదే వరుసలో 20, 21, 22. ఏడాదికి 1000 గంటలు దాటితే జోన్ 0, 10 నుంచి 1000 గంటలైతే జోన్ 1, 10 గంటల లోపైతే జోన్ 2 అని ఒక వాడుక లెక్క ఉంది. అంచనాకు పనికొస్తుంది గానీ గాలి ఆడే తీరు చూడకుండా దాన్నే పట్టుకోవద్దు.

ఈ డ్రాయింగ్ లైసెన్సు కోసం తయారై ఫైల్లోకి వెళ్లిపోవడం నాకు బాగా బాధ కలిగించే విషయం. డ్రాయింగ్ చేతిలో పట్టుకుని బ్లాకంతా నడవండి. పై అంతస్తు గ్రేటింగ్ అయితే ఆగి కిందికి చూడండి. పైన ఫ్లాంజ్ లీకైతే సాల్వెంట్ ఎక్కడ పడుతుంది? కింద ప్యానెల్ ఉందా, కేబుల్ ట్రే ఉందా, వేడి స్టీమ్ లైన్ ఉందా? కాగితం మీద పక్క నుంచి చూసినప్పుడు ఆ ప్యానెల్ జోన్‌కు బయట ఉన్నట్టే కనపడుతుంది. ద్రవం కిందికి కారే దారి డ్రాయింగ్‌లో ఉండదు. ఎంసీసీ (మోటార్ల కంట్రోల్ ప్యానెళ్ల) గది తలుపు జోన్‌లోకి తెరుచుకుంటోందా, గోడలో కేబుల్ వెళ్లే రంధ్రాలు మూసి ఉన్నాయా కూడా చూడండి. కొత్త సాల్వెంట్ వచ్చినా, వెంట్ జరిగినా, షెడ్డుకు గోడ కట్టి గాలి ఆపినా డ్రాయింగ్ మార్చాలి. ప్రొడక్ట్ మారిన రోజే ఆ మార్పు ఫారంలో జోన్ డ్రాయింగ్ చూశారా అన్న గడి ఉండేలా చేయండి.

వీలైతే జోన్‌లో అసలు ఎలక్ట్రికల్ పరికరమే పెట్టకండి. ప్యానెల్‌ను బయటికి జరపడం ఎంత ఖరీదైన ఎఫ్ఎల్‌పీ డబ్బా కంటే మేలు.

మూడో మెట్టు: నేమ్ ప్లేటు చదవడం

ఒక మోటార్ మీద "ఎక్స్ డీబీ టూబీ టీ4 జీబీ" (Ex db IIB T4 Gb) అని ఉందనుకుందాం. ఎక్స్ అంటే పేలుడు వాతావరణం కోసం తయారైంది. డీ అంటే ఫ్లేమ్‌ప్రూఫ్. టూబీ అన్నది గ్యాస్ గ్రూప్. టీ4 అంటే దాని వేడి 135 డిగ్రీలు దాటదు. జీబీ అంటే గ్యాస్ జోన్ 1లో, అంతకంటే తక్కువ ప్రమాదమైన జోన్ 2లో పెట్టవచ్చు. జోన్ 0కు జీఏ కావాలి, జీసీ ఒక్క జోన్ 2కే. దుమ్ముకైతే డీఏ, డీబీ, డీసీ (Da, Db, Dc).

గ్యాస్ గ్రూపుల్లో టూఏ తేలిక, టూసీ కష్టం. టోలీన్, అసిటోన్, హెక్సేన్ టూఏ. ఇథనాల్, డైఇథైల్ ఈథర్ టూబీ. హైడ్రోజన్, ఎసిటిలీన్, కార్బన్ డైసల్ఫైడ్ టూసీ. టూసీ పరికరాన్ని టూఏ చోట వాడవచ్చు, తిరగేసి కుదరదు. గ్రూప్ 1 అని ఉంటే అది బొగ్గు గనుల మీథేన్ కోసం. సింగరేణి గనుల్లో వాడేది అది, అక్కడ గనుల భద్రతా డైరెక్టరేట్ (డీజీఎంఎస్) నిబంధనలు నడుస్తాయి.

ఉష్ణోగ్రత తరగతులు టీ1 450, టీ2 300, టీ3 200, టీ4 135, టీ5 100, టీ6 85 డిగ్రీలు. మీ సాల్వెంట్ దానంతట అదే అంటుకునే ఉష్ణోగ్రత ఈ అంకె కంటే ఎక్కువ ఉండాలి. టోలీన్‌కు టీ1 చాలు, హెక్సేన్‌కు టీ3 కావాలి. 90 డిగ్రీల దగ్గరే అంటుకునే కార్బన్ డైసల్ఫైడ్‌కు టీ6 తప్ప గతి లేదు. దానికి స్టీమ్ లైన్ కూడా నిప్పే. మల్టీ ప్రొడక్ట్ బ్లాకు అయితే రేపు ఏ సాల్వెంట్ వస్తుందో తెలియదు కాబట్టి టూబీ టీ4 కంటే తక్కువ కొనకపోవడం నా సలహా.

ఇక మన ప్రాంతంలో తప్పకుండా చూడాల్సిన అంకె ఒకటుంది. ప్లేటు మీద పరిసర ఉష్ణోగ్రత ప్రత్యేకంగా రాసి లేకపోతే ఆ పరికరం మైనస్ 20 నుంచి 40 డిగ్రీల దాకానే సర్టిఫై అయినట్టు. మే నెలలో రామగుండంలో, విజయవాడలో బయటి నీడలోనే 45 డిగ్రీలు చూస్తాం. రేకుల షెడ్డు కింద, రియాక్టర్ పక్కన ఇంకా ఎక్కువ. టీ4 అన్న హామీ 40 డిగ్రీల గాలికి ఇచ్చింది, మీ షెడ్డుకు కాదు. కొనుగోలు ఆర్డర్‌లో పరిసర ఉష్ణోగ్రత 50 డిగ్రీలు అని రాసి, ప్లేటు మీద అదే వచ్చిందో లేదో సరుకు దించేటప్పుడే చూడండి. అదే సమయంలో సర్టిఫికెట్ నంబర్ చివర్న "X" అన్న ఒంటి అక్షరం ఉందేమో కూడా చూడండి. ఉంటే వాడకానికి ప్రత్యేక షరతులున్నట్టు, ఆ షరతులు సర్టిఫికెట్ లోపలి పేజీల్లో ఉంటాయి. మోటార్‌కు తర్వాత వేగం మార్చే డ్రైవ్ (వీఎఫ్‌డీ) తగిలిస్తే వేడి మారుతుంది. వీఎఫ్‌డీతో కలిపి ఆమోదం ఉందో లేదో కనుక్కోకుండా తగిలించవద్దు.

నాలుగో మెట్టు: బిగింపు, మళ్లీ బిగింపు

ఫ్లేమ్‌ప్రూఫ్ డబ్బా గ్యాసును లోపలికి రానివ్వదని చాలామంది అనుకుంటారు. అది తప్పు. గ్యాసు లోపలికి వెళుతుంది. లోపలి స్విచ్ రవ్వకు అంటుకుని పేలవచ్చు కూడా. ఆ పేలుడును డబ్బా తట్టుకుంటుంది, మూతకూ డబ్బాకూ మధ్య ఉన్న సన్నటి సందులోంచి వచ్చే మంట బయటికి చేరేలోపు చల్లారిపోతుంది. ఫ్లేమ్‌ప్రూఫ్ అంటే ఇంతే. ఈ సంగతి అర్థమైతే మిగతా నియమాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

మూతకు 8 బోల్టులుంటే 8 బిగించాలి. ఒకటి పోయినా పేలుడు ఒత్తిడికి ఆ పక్క మూత కాస్త లేస్తుంది, సందు పెద్దదవుతుంది, మంట బయటపడుతుంది. బజారు బోల్టు వేయకండి. ఏ గ్రేడ్ బోల్టు వేయాలో మాన్యువల్‌లో ఉంటుంది. సందులో రంగు వేయకూడదు, ఎం-సీల్ పెట్టకూడదు, గాస్కెట్ కత్తిరించి అతికించకూడదు. ఉపరితలం మీద గీతలు పడేలా స్క్రూ డ్రైవర్‌తో మూత ఎత్తకూడదు. తుప్పు పట్టకుండా గట్టిపడని గ్రీజు పల్చగా రాయాలి. ఆ అంచు ముందు గోడ గానీ పైపు గానీ మరీ దగ్గరగా ఉండకూడదు. టూఏకు 10, టూబీకి 30, టూసీకి 40 మిల్లీమీటర్ల దూరం ఉండాలి.

కేబుల్ వచ్చే చోటు దాన్ని బిగించి పట్టే గ్లాండ్ కూడా సర్టిఫై అయినదే కావాలి, కేబుల్ లావుకు సరిపోవాలి. వాడని రంధ్రానికి మోటార్‌తో వచ్చిన ప్లాస్టిక్ బిరడా అలాగే ఉండిపోవడం తరచూ కనపడే తప్పు. ఆ బిరడా రవాణాలో దుమ్ము పడకుండా పెట్టింది మాత్రమే. దాని చోట సర్టిఫై అయిన లోహపు ప్లగ్ బిగించాలి. కరెంటు ఉండగా మూత తెరవకూడదన్న హెచ్చరిక మూత మీదే ఉంటుంది. కరెంటు తీసి, తాళం వేసి, ట్యాగ్ కట్టాకే తెరవాలి.

లెవల్, ప్రెజర్ పరికరాలకు వాడే ఇంట్రిన్సిక్ సేఫ్టీ సర్క్యూట్లలో రక్షణ అంతా తీగలో ప్రవహించే శక్తిని తక్కువగా ఉంచడంలో ఉంది. ఆ నీలం కేబుల్‌ను మామూలు పవర్ కేబుల్‌తో కలిపి ఒకే ట్రేలో తోసేస్తే ఆ రక్షణ పోతుంది. ఆ శక్తిని అదుపులో ఉంచే బ్యారియర్ మార్చాల్సి వస్తే అదే మోడల్ వేయాలి.

తనిఖీకి మూడు స్థాయులున్నాయి. కంటితో చూసేది, దగ్గరికెళ్లి పనిముట్లతో చూసేది, మూత తీసి లోపల చూసేది. స్థిరంగా ఉన్న పరికరాలకు రెండు తనిఖీల మధ్య మామూలుగా 3 ఏళ్లు దాటనివ్వకూడదు. చేతిలో తిప్పే లైట్లు, పోర్టబుల్ పరికరాలను ఏడాదికొకసారైనా దగ్గరగా చూడాలి. తరచూ మూత తెరిచే వాటిని, ఉదాహరణకు బ్యాటరీ మార్చేవాటిని, 6 నెలలకొకసారి వివరంగా చూడాలి. మన తీర ప్రాంత ప్లాంట్లలో ఉప్పుగాలికి బోల్టులు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి ఈ గడువులు ఇంకా తగ్గించుకోవాలి. కాలిన మోటార్‌ను వీధి చివర వైండింగ్ షాపుకు పంపితే తిరిగొచ్చేది మామూలు మోటార్. ఎక్స్ రిపేర్లకు అర్హత ఉన్న వర్క్‌షాప్‌కే పంపాలి.

ఐదో మెట్టు: స్టాటిక్ (స్థిర విద్యుత్)

అన్ని పరికరాలూ సర్టిఫై అయిన బ్లాకులోనూ నిప్పు పుట్టించగలిగేది ఇదే. టోలీన్ ఆవిరి అంటుకోవడానికి 0.24 మిల్లీజౌల్ శక్తి చాలు. మనిషి ఒంటి మీద పోగయ్యే స్టాటిక్ 10 మిల్లీజౌల్స్ దాకా వెళ్లగలదు. రెయిలింగ్ ముట్టుకుంటే చేతికి చిటుక్కుమందంటే చాలినంత కంటే ఎక్కువ శక్తి అప్పటికే వెళ్లిపోయినట్టు.

బల్క్ డ్రగ్ యూనిట్లలో రోజూ జరిగే ఒక పనిని నిదానంగా చూద్దాం. రియాక్టర్లో టోలీన్ ఉంది. మ్యాన్‌హోల్ తెరిచారు. హెల్పర్ 25 కిలోల సంచి భుజాన వేసుకుని వచ్చి, లోపలి పాలిథీన్ లైనర్ మూతి విప్పి, మ్యాన్‌హోల్ మీదికి వంచుతాడు. పొడి జారుతున్న కొద్దీ పొడికీ పాలిథీన్‌కూ చార్జ్ ఎక్కుతుంది. సంచి ఖాళీ అవుతుండగా అంచులకు అంటుకున్నది రాలాలని లైనర్‌ను పట్టుకుని దులుపుతాడు. పైనుంచి పడుతున్న పొడి తనతో పాటు గాలిని లోపలికి లాక్కెళుతుంది, ఆ గాలి తోసిన టోలీన్ ఆవిరి అతని ముఖం మీదికి వస్తుంది. ఇంధనం, గాలి, చార్జ్ ఎక్కిన ప్లాస్టిక్, మనిషి, నలుగురూ ఒక అడుగు వ్యాసమున్న రంధ్రం దగ్గర కలుస్తారు. నైట్రోజన్ వాల్వు తెరిచే ఉంచాం కదా అంటారు. మూత పూర్తిగా తెరిచి ఉండగా లోపల ఆక్సిజన్ తగ్గి ఉంటుందని నమ్మలేం.

చేయాల్సింది వరుసగా చెబుతాను. ప్రాసెస్ ఒప్పుకుంటే పొడి ముందు వేసి, మూత బిగించి, నైట్రోజన్‌తో గాలి తోసేసి, సాల్వెంట్‌ను మూసిన పైపులోంచి తర్వాత తీసుకోండి. ఇది ఖర్చు లేని మార్పు, ఆర్ అండ్ డీ వాళ్లతో కూర్చుని ముందు దీన్నే అడగండి. కుదరకపోతే రెండు వాల్వుల మధ్య నైట్రోజన్ ఉండే చార్జింగ్ హాపర్ పెట్టండి. అదీ లేనంత కాలం రియాక్టర్ను ఫ్లాష్ పాయింట్ కంటే బాగా కిందికి చల్లబరిచి, పాలిథీన్ లైనర్ లేని సంచితో, ఎర్త్ అయిన లోహపు స్కూప్‌తో, యాంటీస్టాటిక్ బూట్లు వేసుకున్న మనిషితో నెమ్మదిగా వేయించండి. పెద్ద జంబో సంచులైతే సాల్వెంట్ ఆవిరి ఉన్నచోట టైప్ ఏ, టైప్ బీ వాడకూడదు. టైప్ సీ అయితే ఎర్తింగ్ క్లిప్పు తగిలించాకే కదపాలి.

ఎర్తింగ్ క్లిప్పు గురించి. రంగు వేసిన డ్రమ్ము అంచుకు తగిలిస్తే అది ఎర్త్ అయినట్టు కాదు. క్లిప్పు పళ్లు రంగును, తుప్పును చీల్చుకుని లోహాన్ని పట్టుకోవాలి. లోహం నుంచి లోహానికి నిరోధం 10 ఓమ్‌ల లోపు ఉందో లేదో మీటర్‌తో చూసి రిజిస్టర్లో రాయాలి. ముందు క్లిప్పు, ఆ తర్వాత మూత. ముగించేటప్పుడు ముందు మూత, ఆ తర్వాత క్లిప్పు. ఫ్లాంజ్‌ల మధ్య టెఫ్లాన్ గాస్కెట్ ఉంటే రెండు వైపులనూ కలిపే లోహపు తీగ (జంపర్) ఉండాలి. గ్లాస్ లైన్డ్ రియాక్టర్లో గాజు పూత కరెంటును పోనివ్వదు, బయటి షెల్ ఎర్త్ అయినా లోపలి ద్రవంలో చార్జ్ నిలిచిపోవచ్చు.

టోలీన్, హెక్సేన్ లాంటివాటిని పై నుంచి ధారగా పోయకూడదు. డిప్ పైపు అడుగు దాకా ఉండాలి, పైపు మూతి ద్రవంలో మునిగేదాకా వేగం సెకనుకు 1 మీటర్ దాటకూడదు. 20 లీటర్ల ప్లాస్టిక్ క్యాన్లలో టోలీన్ పట్టడం, మోయడం పూర్తిగా ఆపేయండి. ప్లాస్టిక్‌కు ఎర్తింగ్ చేయలేం. డెలివరీ ఆలస్యమవుతుందన్న టెన్షన్‌లో ముందు వదిలేసేది ఈ క్లిప్పులూ క్యాన్ల నియమాలే కాబట్టి, బ్యాచ్ రికార్డులోనే వాటికి సంతకం పెట్టే చోటు ఉంచండి. సంతకం లేకుండా తర్వాతి స్టెప్ తెరుచుకోకూడదు.

ఆరో మెట్టు: పొడి ఉన్న చోట

డ్రయర్, మిల్లు, సిఫ్టర్, డస్ట్ కలెక్టర్ ఉన్న గదుల్లో ప్రమాదం రెండు దెబ్బలుగా వస్తుంది. యంత్రంలో మొదటి చిన్న పేలుడు. ఆ కుదుపుకు దూలాల మీద, ఫాల్స్ సీలింగ్ పైన, కేబుల్ ట్రేల్లో నెలల తరబడి పేరుకున్న దుమ్ము లేచి గదంతా కమ్ముకుని రెండోసారి పేలుతుంది. భవనాన్ని కూల్చేది చాలాసార్లు ఈ రెండోదే. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఇంపీరియల్ షుగర్ కర్మాగారంలో పంచదార దుమ్ము ఇలాగే పేలి 14 మంది చనిపోయారు. అందుకే కంటికి కనపడని ఎత్తుల్లో శుభ్రం చేయడం ఇక్కడ పేలుడు నివారణే. కంప్రెస్డ్ ఎయిర్‌తో ఊదకండి, దుమ్మును మీరే మేఘం చేసినట్టవుతుంది. దుమ్ముకు సర్టిఫై అయిన వాక్యూమ్ వాడండి.

పరికరం వేడికి రెండు లెక్కలున్నాయి. దుమ్ము మేఘం అంటుకునే ఉష్ణోగ్రతలో మూడింట రెండు వంతులు ఒకటి. 5 మిల్లీమీటర్ల పొర అంటుకునే ఉష్ణోగ్రతలోంచి 75 డిగ్రీలు తీసేస్తే వచ్చేది ఇంకోటి. ఈ రెండింటిలో తక్కువదాన్ని పరికరం ఉపరితలం దాటకూడదు. మేఘం 420, పొర 300 డిగ్రీలైతే వచ్చేవి 280, 225. అంటే 225 మీ పరిమితి. మీ పొడి అంకెలు ల్యాబ్ పరీక్షలోనే తెలుస్తాయి, పక్క కంపెనీ అంకె పనికిరాదు. రేణువు సన్నబడితే అంకె మారిపోతుంది. పేలుడు ఒత్తిడి బయటికి వదిలే వెంట్ ఉంటే అది ఏ దిక్కుకు తెరుచుకుంటుందో చూడండి. దాని ముందు నడకదారి, కాంట్రాక్ట్ వాళ్లు అన్నం తినే చెట్టు ఉండకూడదు.

ఏడో మెట్టు: హాట్ వర్క్ (వెల్డింగ్, కటింగ్ లాంటి నిప్పు పని) పర్మిట్

మండే పదార్థం ఉన్న, లేదా ఒకప్పుడు ఉన్న ట్యాంకు మీద ఆ పదార్థాన్ని, దాని ఆవిరిని తొలగించకుండా వెల్డింగ్, కటింగ్ చేయకూడదని 37వ సెక్షన్ విడిగా చెప్పింది. "ఒకప్పుడు ఉన్న" అన్నది చాలా ముఖ్యం. ఖాళీ టోలీన్ డ్రమ్ము నిండు డ్రమ్ము కంటే ప్రమాదం. నిండుదానిలో ఆవిరికి చోటు లేదు, ఖాళీదానిలో డ్రమ్మంతా ఆవిరీ గాలే. పారిశ్రామికవాడల చుట్టూ ఉన్న స్క్రాప్ షాపుల్లో డ్రమ్ము మూత కోయడానికి గ్రైండర్ పెట్టి ప్రాణాలు పోగొట్టుకునేది ఇందుకే. కడిగి, రంధ్రం కొట్టి, సర్టిఫికెట్ ఇచ్చి పంపే బాధ్యత మీ ప్లాంట్‌దే అనుకోండి.

పర్మిట్ ఇచ్చేవాడు పని జరిగే చోటికి వెళ్లి ఇవ్వాలి. పైపులను వాల్వుతో కాదు, బ్లైండ్ (పైపును పూర్తిగా మూసే లోహపు పలక) వేసి విడదీయాలి. 11 మీటర్ల చుట్టూ మండే వస్తువులు తీసేయాలి, డ్రైన్‌లు తడి గోనెపట్టాలతో మూయాలి. గ్యాస్ పరీక్షలో ఎల్‌ఈఎల్ సున్నా ఉండాలి. 5 శాతం ఉంది, 10 లోపే కదా అన్న వాదన ఒప్పుకోవద్దు. ఎక్కడో నుంచి వస్తుంటేనే 5 చూపిస్తుంది, ముందు ఆ చోటు కనుక్కోవాలి.

మీటర్ చూపించే సున్నా కూడా నమ్మదగిందో కాదో తెలుసుకోవాలి. మామూలు ఎల్‌ఈఎల్ మీటర్లో ఉండే క్యాటలిటిక్ సెన్సర్ ఆవిరిని లోపల కాల్చి కొలుస్తుంది. నైట్రోజన్ నింపిన రియాక్టర్లో కాల్చడానికి ఆక్సిజన్ లేదు కాబట్టి, ఎంత ఆవిరి ఉన్నా అది దాదాపు సున్నానే చూపించవచ్చు. తర్వాత మ్యాన్‌హోల్ తెరిస్తే గాలి కలుస్తుంది. అందుకే ముందు ఆక్సిజన్ చూడాలి, అది మామూలుగా ఉన్నప్పుడే ఎల్‌ఈఎల్ అంకెను లెక్కలోకి తీసుకోవాలి. నైట్రోజన్ ఉన్న పాత్రలోకి మనిషి దిగితే పేలుడు కంటే ముందు ఊపిరాడక పోతాడన్నది కూడా మరవద్దు. లోపల ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువ ఉంటే దిగనివ్వకూడదు. మీథేన్‌తో క్యాలిబ్రేట్ చేసిన మీటర్ టోలీన్‌ను అసలు కంటే తక్కువ చూపిస్తుంది. తయారీదారు ఇచ్చే కరెక్షన్ పట్టిక మీటర్‌తో పాటే ఉంచండి. సిలికాన్ స్ప్రేలు ఆ సెన్సర్‌ను పాడుచేస్తాయి, కాబట్టి ప్రతి షిఫ్టు మొదట్లో టెస్ట్ గ్యాస్ ఇచ్చి చూడాలి.

టీ తాగి వచ్చాక, భోజనం నుంచి వచ్చాక మళ్లీ కొలవాలి. షిఫ్టు మారితే పర్మిట్ అయిపోయినట్టే. పని ముగిశాక కనీసం అరగంట, నా మటుకు గంట, ఫైర్ వాచ్ అక్కడే ఉండాలి.

మనుషుల వైపు

ఈ పనుల్లో ఎక్కువ భాగం చేసేది కాంట్రాక్ట్ కార్మికులు. చాలామంది ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు. తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసిన బోర్డు వాళ్లకు అందదు. శిక్షణ హిందీలో, ఒడియాలో ఇవ్వండి, రియాక్టర్ దగ్గరే నిలబెట్టి ఇవ్వండి. క్లిప్పు చేతికిచ్చి తగిలించమనండి, మీటర్ చూపించి అంకె చదివించండి. నోట్‌బుక్‌లో సంతకం పెట్టించినంత మాత్రాన నేర్చుకున్నట్టు కాదు. నిర్మాణ పనికి వచ్చిన ఇంకో కాంట్రాక్టర్ మనుషులు జోన్ పక్కనే గ్రైండింగ్ చేస్తుండవచ్చు. రెండు పనులూ ఒకే ఇన్‌చార్జ్ దృష్టికి రావాలి.

ఫోన్, అగ్గిపెట్టె గేటు దగ్గరే ఇచ్చేయాలన్న నియమం మేనేజింగ్ డైరెక్టర్‌కూ, వచ్చిన ఆడిటర్‌కూ వర్తించాలి. కాటన్ లేదా యాంటీస్టాటిక్ యూనిఫాం ఉచితంగా ఇవ్వాలి. యాంటీస్టాటిక్ బూట్లకు కింద జిగురు, రంగు అంటుకుంటే పనిచేయవు కాబట్టి బ్లాకు గుమ్మం దగ్గర టెస్టర్ పెట్టండి. లీక్ వాసన వచ్చిందంటే అక్కడున్న లైట్ స్విచ్ వేయడం గానీ ఆపడం గానీ చేయకుండా బయటికి రావాలి. కరెంటు జోన్ బయటి నుంచే తీయాలి. ఇది డ్రిల్‌లో చేయించాలి.

ప్రాణాపాయం ఉందని అనుమానం వస్తే యజమాని దృష్టికి తెచ్చే హక్కు కార్మికుడికి పాత చట్టం 41-హెచ్ సెక్షన్‌లో ఉండేది. కొత్త కోడ్ 14వ సెక్షన్‌లోనూ ఉంది, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కూ తెలియజేయవచ్చని అందులో రాసి ఉంది. యజమాని వెంటనే చర్య తీసుకోవాలి. ప్రమాదం లేదని తాను అనుకుంటే విషయాన్ని ఇన్‌స్పెక్టర్‌కు పంపాలి, తుది నిర్ణయం ఇన్‌స్పెక్టర్‌దే. కాబట్టి చెప్పేటప్పుడు నోటితో చెప్పి ఊరుకోకండి. ఏ బ్లాకు, ఏ రియాక్టర్, ఏం చూశారు, ఎన్ని గంటలకు అన్నది రెండు వాక్యాల్లో రాసి, తేదీ వేసి, సేఫ్టీ కమిటీ సభ్యుడి చేత అందినట్టు సంతకం పెట్టించుకుని ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. షిఫ్ట్ ఇన్‌చార్జ్ అయితే ఆ కాగితం వచ్చిన రియాక్టర్లో చార్జింగ్ ఆపించి, చూసి వచ్చాకే మళ్లీ మొదలుపెట్టించండి.